స్థలం ఒకరిది, ఆట మరొకరిది: విజయవాడ శివారు క్లబ్బు గ్రాంటు ప్రయత్నంపై ఒక కేస్ స్టడీ

సొసైటీల పత్రాలు సరిచేయడం, ప్రభుత్వ గ్రాంట్లకు దరఖాస్తులు తయారు చేయడం నా వృత్తి. పదహారేళ్లుగా విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల గ్రంథాలయాలు, యువజన సంఘాలు, వృద్ధాశ్రమాలు, ఆటల క్లబ్బులు ఈ పని మీద నా దగ్గరికి వస్తున్నాయి. వాటిలో ఈ కేసునే రాయడానికి కారణం అది గొప్పగా నెగ్గిందని కాదు. దాదాపు మూడేళ్లు సాగిన ఈ వ్యవహారంలో ఎనిమిది నెలలు నేనిచ్చిన తప్పుడు సలహా వల్లే వృథా అయ్యాయి, ఆ తప్పు ఎక్కడ జరిగిందో తెలిస్తే ఇదే పనిలో ఉన్న మరొకరికి ఆ ఎనిమిది నెలలు మిగులుతాయి. క్లబ్బును, వ్యక్తులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని అంకెలను సర్దాను.

నేపథ్యం

క్లబ్బు విజయవాడ శివారులో, బుడమేరుకు ఎక్కువ దూరం లేని ఒక పాత లేఅవుట్‌లో ఉంది. లేఅవుట్ వేసినప్పుడు ప్రజోపయోగానికి వదిలిన సుమారు 1,900 చదరపు గజాల ఖాళీ స్థలంలో తొంభయ్యవ దశకం చివర కొందరు కుర్రాళ్లు ముళ్లకంప కొట్టి, రాళ్లు ఏరి, రెండు సరుగుడు గుంజలు పాతి వాలీబాల్ మొదలుపెట్టారు. 2008లో ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద సంఘాన్ని నమోదు చేయించుకున్నారు. నా దగ్గరికి వచ్చేనాటికి 42 మంది సభ్యులు ఉన్నారు. వారిలో ఆటో మెకానిక్కులు, ఉపాధ్యాయులు, ఇద్దరు కానిస్టేబుళ్లు, చిన్న వ్యాపారులు ఉన్నారు. 2016 నుంచి అదే స్థలంలో ఒక మూల ఆడపిల్లల కబడ్డీ కూడా సాగుతోంది. సాయంత్రం అయిదు గంటలకు పాతిక మంది దాకా పిల్లలు వస్తారు, చీకటి పడగానే తల్లులు వచ్చి తీసుకుపోతారు. ఈ చివరి విషయం క్లబ్బు రాసుకున్న ఏ దరఖాస్తులోనూ లేదు. వాళ్ల దృష్టిలో క్లబ్బు అంటే వాలీబాల్.

అధ్యక్షుడు పదవీ విరమణ చేసిన లెక్చరర్. కార్యదర్శి ఒకప్పుడు విశ్వవిద్యాలయ జట్టుకు ఆడినవాడు, ఇప్పుడు సొంత మెకానిక్ షెడ్డు నడుపుకొంటున్నాడు. క్లబ్బుకు ప్రాణం ఆయనే. తరువాత వచ్చిన ఇబ్బందుల్లో సగం ఆ ప్రాణం చుట్టూనే తిరిగాయి.

వచ్చినప్పటి సమస్య

2022 నవంబరులో ఇద్దరూ కలిసి వచ్చారు. వాళ్లకు కావలసింది ఇండోర్ హాలు. అంచనా రూ. 45 లక్షలు, అదీ ఎవరో కాంట్రాక్టరు నోటిమాటగా చెప్పింది. అప్పటికి రెండు ప్రయత్నాలు విఫలమయ్యాయి. 2020 మధ్యలో ఒక పార్లమెంటు సభ్యునికి నిధుల కోసం అర్జీ పెట్టారు, జవాబు రాలేదు. 2022 మే నెలలో క్రీడా శాఖకు మరో అర్జీ పంపారు, దానికీ జవాబు లేదు. ‘మా మీద ఎవరికో కోపం ఉంది సారూ’ అన్నది కార్యదర్శి నిర్ధారణ.

ఎవరికీ కోపం లేదని తేల్చడానికి నాకు పది నిమిషాలు పట్టింది. కోవిడ్ కారణంగా 2020 ఏప్రిల్‌లో కేంద్రం ఎంపీ లాడ్స్ (పార్లమెంటు సభ్యుల సిఫారసుతో స్థానిక పనులకు నిధులిచ్చే) పథకాన్ని నిలిపివేసింది, 2021 నవంబరులో గానీ పునరుద్ధరించలేదు. వీళ్ల మొదటి అర్జీ పథకమే నడవని రోజుల్లో వెళ్లింది. రెండోది మరీ విచిత్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో విజయవాడ ఎన్టీఆర్ జిల్లా కేంద్రమైంది. వీళ్లు నెల తరువాత కూడా పాత లెటర్‌హెడ్ మీద కృష్ణా జిల్లా అని రాసి మచిలీపట్నం చిరునామాకు పంపారు. రెండు సందర్భాల్లోనూ తేదీని, చిరునామాను సరిచూసుకున్నవారు లేరు. తిరస్కారం వచ్చిందని చెప్పే ప్రతి సంస్థనూ నేను ముందుగా అడిగేది ఒక్కటే: రసీదు చూపించండి. నూటికి యాభై మంది దగ్గర రసీదు ఉండదు. అంటే వాళ్ల అర్జీని ఎవరూ తిరస్కరించలేదు, అసలు అందలేదు.

పత్రాల పరిస్థితి కూడా అలాగే ఉంది. ఏటా సర్వసభ్య సమావేశం తరువాత కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. 2014 తరువాత ఆ పని జరగలేదు. బ్యాంకు ఖాతా క్లబ్బు పేరున కాక, కార్యదర్శి, కోశాధికారి ఇద్దరి పేర్ల మీద ఉమ్మడి ఖాతాగా ఉంది. ఆడిట్ లేదు. నియమావళిలోని ఉద్దేశాల్లో ‘యువజన సంక్షేమం, సాంస్కృతిక కార్యక్రమాలు’ అని ఉంది తప్ప క్రీడ అన్న మాటే లేదు. 2008లో మరేదో సంఘం బైలాస్ తెచ్చి పేరు మార్చి టైపు చేయించారని తరువాత తెలిసింది. స్థలానికి సంబంధించి క్లబ్బు దగ్గర ఒక్క కాగితమూ లేదు.

లీజు మార్గం, నా పొరపాటు

పత్రాలను సరిచేయడం శ్రమతో కూడినదే గానీ అందులో తడబాటు లేదు. సర్వసభ్య సమావేశం పెట్టి ఉద్దేశాలను సవరించాం, బాకీ జాబితాలు ఆలస్య రుసుముతో దాఖలు చేశాం, క్లబ్బు పేరున పాన్ తీసుకుని ఖాతా తెరిచాం, స్వచ్ఛంద సంస్థల వివరాలుండే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు చేయించాం. 2023 ఫిబ్రవరికి ఇదంతా అయింది.

స్థలం విషయంలో నేను తప్పు దారి పట్టాను. అప్పటి నా ఆలోచన ఇలా సాగింది: ఏ గ్రాంటు ఇచ్చేవారైనా నిర్మాణానికి ముందు స్థలంపై హక్కు అడుగుతారు, క్లబ్బుకు హక్కు లేదు కాబట్టి స్థల యజమాని అయిన స్థానిక సంస్థ నుంచి దీర్ఘకాలిక లీజు తీసుకుంటే హక్కు ఏర్పడుతుంది, ఆపైన క్లబ్బే దరఖాస్తుదారు కావచ్చు. అంతకు కొన్నేళ్ల ముందు గుంటూరు వైపు ఒక పఠన మందిరానికి ఇదే పద్ధతిలో పని జరిగింది. ఆ అనుభవాన్ని తెచ్చి ఇక్కడ అంటించాను. అక్కడ స్థలం ఒక దాత ఇచ్చింది, ఇక్కడిది లేఅవుట్ ఖాళీ స్థలం అన్న తేడాకు ఇవ్వవలసినంత బరువు ఇవ్వలేదు. కార్యదర్శికి లీజు ఆలోచన ఎంతో నచ్చడం కూడా నన్ను తొందరపెట్టింది. వచ్చినవారు వినాలనుకున్న సలహా మన నోట వెంటనే వచ్చిందంటే ఒకసారి ఆగి చూసుకోవాలి, నేను ఆగలేదు.

లేఅవుట్‌లో పార్కుకో ఆటస్థలానికో వదిలిన భూమి ఆ కాలనీవాసులందరిదీ. స్థానిక సంస్థ దానికి ధర్మకర్త లాంటిది. అలాంటి స్థలాన్ని ప్రైవేటు సంస్థకు మళ్లించడం కుదరదని సుప్రీంకోర్టు 1991లోనే బెంగళూరుకు చెందిన ఒక పార్కు స్థలం కేసులో స్పష్టంగా చెప్పింది. అక్కడ పార్కు స్థలంలో ఆసుపత్రి కట్టబోయారు, ఇక్కడ ఆటస్థలంలో ఆటే ఆడతారు కదా అని నేను వాదించుకున్నాను. కానీ ఆట మారకపోయినా, అందరి స్థలం 42 మంది సభ్యుల స్థలంగా మారుతుంది. 2023 ఆగస్టులో లీజు ఫైలు ఒకే వాక్యంతో తిరిగి వచ్చింది: ప్రజోపయోగ ఖాళీ స్థలాన్ని ప్రత్యేకంగా ఒక సంఘానికి కేటాయించడానికి వీలు పడదు. ఆ వాక్యం న్యాయమైనదేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

లీజు ప్రయత్నం చేసిన అసలు నష్టం ఆ వాక్యం కాదు. ఉదయం పూట అదే స్థలంలో నడిచే పెద్దలు, చుట్టుపక్కల ఇళ్లవారు సంగతి తెలిసి వార్డు సచివాలయంలో అభ్యంతరం ఇచ్చారు. పాతికేళ్లుగా ఏ గొడవా లేని చోట ‘వాలీబాల్ వాళ్లు కబ్జా చేస్తున్నారు’ అన్న మాట పుట్టింది. దాన్ని చల్లార్చడానికి ఏడాది పైగా పట్టింది.

చిన్న గ్రాంటు

లీజు ఫైలు నడుస్తున్న రోజుల్లోనే 2023 వేసవిలో ఒక చిన్న పని చేశాం. అప్పట్లో దానికి పెద్ద ప్రాధాన్యం ఇవ్వలేదు గానీ చివరికి అదే ఆదుకుంది. ప్రభుత్వ సొమ్ము ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టి లెక్క చెప్పని సంస్థకు లక్షలు ఎవరూ ఇవ్వరు, కాబట్టి ముందుగా చిన్న మొత్తం తీసుకుని, లెక్క సరిగ్గా అప్పగించి, ఆ కాగితాన్ని చేతిలో పెట్టుకోవాలని సూచించాను. జిల్లా క్రీడా అభివృద్ధి అధికారి కార్యాలయం ద్వారా వేసవి శిక్షణ శిబిరానికి రూ. 36,000, కొన్ని బంతులు, నెట్లు వచ్చాయి. శిబిరం బాగా జరిగింది. ఆడపిల్లల హాజరు పట్టీ మొదటిసారి తయారైంది.

లెక్క దగ్గర తప్పు దొర్లింది. మంజూరు ఉత్తర్వులో శిక్షకుని గౌరవ వేతనం, పిల్లలకు అల్పాహారం, మైదానం తయారీ అన్న మూడు పద్దులే ఉన్నాయి. కోశాధికారి మిగిలిన రూ. 8,400తో ఆరుగురు పేద పిల్లలకు బూట్లు కొన్నాడు. ఉద్దేశం మంచిదే, బిల్లు కూడా అసలుదే. అయినా ఉత్తర్వులో లేని పద్దు కింద ఖర్చు చేస్తే అది వినియోగం కిందికి రాదు. బూట్ల బిల్లును మైదానం తయారీ పద్దులో కలిపేద్దామని కార్యవర్గంలో ఇద్దరన్నారు. నేను ఒప్పుకోలేదు. బూట్ల ఖర్చును క్లబ్బు సొంత ఖాతాలోకి మార్చి, రూ. 8,400 ఖర్చు కాని మొత్తంగా చూపి, చలానా కట్టి, ఆ చలానా నకలుతో వినియోగ ధ్రువపత్రం (గ్రాంటు దేనికి ఖర్చయిందో తెలిపే లెక్క) ఇచ్చాం. కేంద్ర గ్రాంట్లకు సాధారణ ఆర్థిక నియమాలు 2017లోని 12-ఎ నమూనా వాడతారు. రాష్ట్రపు చిన్న మొత్తాలకు అంత వివరం అడగకపోయినా నేను ఆ వరుసలోనే రాయిస్తాను: వచ్చింది ఎంత, ఖర్చయింది ఎంత, వడ్డీ ఎంత, మిగిలింది ఎంత, అది ఎటు పోయింది. డబ్బు తిరిగి కట్టిన సంఘాన్ని అరుదుగా చూస్తామని కార్యాలయంలో ఒక గుమాస్తా అన్నాడట. కోశాధికారి మాత్రం నాతో రెండు నెలలు మాట్లాడలేదు.

పరిశీలించి వదిలేసినవి

లీజు పోయాక కార్యదర్శి పత్రిక కత్తిరింపు ఒకటి తెచ్చాడు. కేంద్ర ప్రభుత్వ క్రీడా పథకమైన ఖేలో ఇండియాకు 2021-22 నుంచి 2025-26 వరకు రూ. 3,165.50 కోట్లు కేటాయించారని అందులో ఉంది. ‘మూడు వేల కోట్లలో మాకు నలభై అయిదు లక్షలు రావా సారూ?’ అని ఆయన ప్రశ్న. నిర్మాణాలకు సంబంధించిన భాగం కింద డబ్బు రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు, ప్రభుత్వ విద్యాసంస్థలకు వెళుతుంది. మనలాంటి క్లబ్బు అక్కడ దరఖాస్తుదారు కాలేదు. జిల్లా స్థాయి ఖేలో ఇండియా కేంద్రానికి ఒక్కో క్రీడకు ఒకసారి రూ. 5 లక్షలు, ఆపైన ఏటా రూ. 5 లక్షలు ఇచ్చే పద్ధతి అప్పట్లో ఉండేది. అందులో శిక్షకుడు గతంలో పేరున్న స్థాయిలో పతకాలు గెలిచిన క్రీడాకారుడై ఉండాలి, ప్రతిపాదన రాష్ట్రం ద్వారా వెళ్లాలి. మన కార్యదర్శి ఆట తెలిసినవాడే గానీ ఆ కొలతకు అందడు. మరెవరి పేరో పెట్టి పాఠం మాత్రం తాను చెప్పే ఆలోచన ఆయనకు వచ్చింది, వద్దన్నాను.

కంపెనీల సామాజిక బాధ్యత నిధుల (సీఎస్ఆర్) విషయం మరో తీరు. కంపెనీల చట్టం 2013, ఏడవ షెడ్యూలులో క్రీడల గురించి ఉన్న వాక్యం ‘శిక్షణ’ అన్న మాటతో మొదలవుతుంది. హాలు కట్టమని అడిగితే ఆ మాట కిందికి తేవడానికి కంపెనీ తంటాలు పడాలి, శిబిరం నడపమంటే తేలిక. పైగా నిధులు అందుకునే సంస్థ సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి ఉండాలి, దానికి ముందు అప్పటి ఆదాయపు పన్ను చట్టం కింద 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) నమోదులు ఉండాలి. వాటికి దరఖాస్తు చేయించి పక్కన పెట్టాం.

హాలును కూడా ఆ నెలల్లోనే వదిలేశాం. వాలీబాల్ నియమాల ప్రకారం కోర్టు మీద కనీసం 7 మీటర్ల ఎత్తు ఖాళీగా ఉండాలి. ఆ ఎత్తున కప్పు, దాని కింద దీపాలు, ఏటా మరమ్మతు, ఇవన్నీ నెలకు వంద రూపాయల చందా మీద నడిచే క్లబ్బుకు మోయలేని బరువు. అంతకన్నా బలమైన కారణం ఒకటుంది. హాలుకు తలుపు ఉంటుంది, తలుపుకు తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరో ఒకరి జేబులో ఉంటుంది. కబ్జా అన్న మాట ఇంకా గాలిలో ఉన్న కాలనీలో ఆ తాళంచెవే తరువాతి తగాదా అవుతుందని అధ్యక్షుడు అన్నారు. ఈ కేసులో నేను విన్న అత్యంత వివేకమైన మాట అది.

2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. కోడ్ అమల్లో ఉండగా కొత్త మంజూరులు ఉండవు కనుక జూన్ దాకా ఏమీ కదిలించలేదు.

వరద

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీరు కాలనీలోకి వచ్చింది. సభ్యుల్లో సగానికి పైగా ఇళ్లు మునిగాయి. క్లబ్బు రికార్డు కార్యదర్శి ఇంట్లో ఇనుప బీరువా కింది అరలో ఉండేది. మినిట్స్ బుక్, సభ్యత్వ రిజిస్టరు, చందా రసీదులు, పాత టోర్నమెంటు ధ్రువపత్రాలు అన్నీ ముద్దయ్యాయి. నెల తరువాత నేను వెళ్లేసరికి ఎండలో ఆరబెట్టిన పుస్తకాలు ఇటుకల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. స్థలం మీద ఒండ్రు అడుగు మందాన పేరుకుంది.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. మినిట్స్ బుక్‌ను గుర్తున్నంత మేర తిరిగి రాసి, పాత తేదీలు వేసి, సంతకాలు తీసుకుందామని కార్యవర్గంలో దాదాపు అందరూ అన్నారు. ‘మనం లేనిది రాయడం లేదు కదా, జరిగిందే రాస్తున్నాం’ అన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ 2011 నాటి సమావేశానికి 2024లో కొన్న పుస్తకంలో, ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో సంతకాలుంటే చూసినవారికి ముందు కలిగేది అనుమానమే, ఆ అనుమానం నిజమైన రికార్డులకు కూడా అంటుకుంటుంది. అందువల్ల ప్రత్యేక సర్వసభ్య సమావేశం పెట్టి, వరదలో పోయిన పత్రాల జాబితాను తీర్మానంగా నమోదు చేసి, ఆ రోజు తేదీతోనే కొత్త పుస్తకం మొదలుపెట్టాం. పాతవాటికి బయటి ఆధారాలు వెతికాం. రిజిస్ట్రారు కార్యాలయంలో 2023లో మేము దాఖలు చేసిన జాబితాలు, సవరించిన నియమావళి ఉన్నాయి, వాటి ధ్రువీకృత నకళ్లు తీసుకున్నాం. బ్యాంకు స్టేట్‌మెంట్లు వచ్చాయి. క్రీడా అధికారి కార్యాలయంలో వేసవి శిబిరపు మంజూరు ఉత్తర్వు, హాజరు పట్టీ నకలు, చలానాతో కూడిన మా వినియోగ ధ్రువపత్రం భద్రంగా ఉన్నాయి. కోశాధికారికి అంత కోపం తెప్పించిన కాగితమే క్లబ్బు నిజంగా పనిచేసిందని చూపే అతి గట్టి సాక్ష్యమైంది.

దరఖాస్తుదారును మార్చడం

వరద మరో పని కూడా చేసింది. ఒండ్రు ఎత్తిపోయడానికి వాలీబాల్ కుర్రాళ్లు, నడిచే పెద్దలు కలిసి వారం రోజులు పనిచేశారు. అభ్యంతర పత్రం మీద మొదటి సంతకం చేసిన పెద్దాయన కూడా పార పట్టుకున్నారు. ఆ తరువాత వేపచెట్టు కింద జరిగిన సమావేశంలో నేను ఒక ప్రశ్న అడిగాను: ఈ స్థలం బాగుపడాలా, క్లబ్బు పేరున బాగుపడాలా?

అప్పటికి నా ఆలోచన తిరగబడింది. హక్కు లేనివారికి హక్కు సంపాదించి పెట్టి, ఆ తరువాత వారి చేత డబ్బు అడిగించడం నా పాత పద్ధతి. హక్కు ఉన్నవారినే డబ్బు అడగమని కోరి, హక్కు లేనివారు ఆ ఆస్తిని వాడుకునే ఒప్పందం రాసుకోవడం కొత్త పద్ధతి. స్థలం స్థానిక సంస్థది కాబట్టి కోర్టుల పనిని ఎంపీ లాడ్స్‌కు ప్రతిపాదించవలసింది, చేయించవలసింది స్థానిక సంస్థే. ఆ పథకంలో ఒక్కో సభ్యునికి ఏడాదికి రూ. 5 కోట్లు ఉన్నా, సభ్యుడు చేసేది సిఫారసు మాత్రమే. మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం, పని చేసేది అమలు సంస్థ. క్లబ్బు ఖాతాలోకి రూపాయి కూడా రాదు. క్లబ్బు అడగదగినది శిక్షణకు, సామగ్రికి, అదీ విడిగా, చిన్న మొత్తాల్లో.

కార్యదర్శికి ఇది మింగుడు పడలేదు. ‘పాతికేళ్లు రాళ్లు ఏరింది మేము, బోర్డు మీద పేరు వాళ్లదా?’ అని అడిగాడు. ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ప్రభుత్వ సొమ్ముతో కట్టింది ప్రభుత్వ ఆస్తి అవుతుందన్నది నియమం, కానీ ఆయన బాధను నియమం తీర్చదు. అభిప్రాయాన్ని ఓటుకు పెట్టాం. 27 మంది ఒప్పుకున్నారు, 9 మంది వద్దన్నారు. కార్యదర్శి వద్దన్నవారిలో ఉన్నాడు, తరువాత పదవి వదిలేశాడు. క్లబ్బును మాత్రం వదల్లేదు, ఆడపిల్లల కబడ్డీ శిక్షణ ఆయనే చూస్తున్నాడు.

స్థానిక సంస్థతో రాసుకున్న ఒప్పందం రెండు పేజీలది. స్థలం అందరికీ తెరిచే ఉంటుంది. ఉదయం ఎనిమిది దాకా నడిచేవారిది. సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర దాకా కబడ్డీ, ఆ తరువాత తొమ్మిది దాకా వాలీబాల్. గీతలు వేయడం, నెట్లు, గడ్డి తీయడం, దీపాల కరెంటు బిల్లు క్లబ్బు భరిస్తుంది. రెండేళ్ల గడువు, ముప్పై రోజుల నోటీసుతో ఎవరైనా రద్దు చేసుకోవచ్చు. ఆ చివరి షరతు చూసి సభ్యులు భయపడ్డారు. నేను వద్దనలేదు, కారణం సులభం: రద్దు చేయగల ఒప్పందం మీద సంతకం చేయడానికి అధికారి వెనకాడడు, రద్దు కాని ఒప్పందం లీజు లాగే తిరిగి వస్తుంది. కరెంటు బిల్లును ముందే లెక్క వేశాం. నాలుగు స్తంభాలకు నాలుగేసి 200 వాట్ల దీపాలు, రోజుకు రెండున్నర గంటలు, నెలకు 26 రోజులు అనుకుంటే 208 యూనిట్లు. ఏడాది చందా మొత్తం రూ. 50,400. ఆ రెంటినీ పక్కపక్కన రాసి, సున్నం, నెట్లు కూడా కలిపి, చందాలో ఇమిడేదాకా దీపాల సమయం సర్దాం.

నల్లరేగడి మీద కోర్టు

ప్రతిపాదన కదిలాక వచ్చిన మొదటి ఎస్టిమేట్‌లో రెండు సిమెంటు కాంక్రీటు కోర్టులు ఉన్నాయి. అక్కడి నేల నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీసే ఆ మట్టి మీద పలుచని కాంక్రీటు పరిస్తే రెండో వేసవికే పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లను పూడ్చే బాధ్యత ఒప్పందం ప్రకారం ఎవరిదో స్పష్టంగా లేదు. కాంక్రీటు మీద దూకే మోకాళ్ల సంగతి సరేసరి. సభ్యుల్లో ఒకరు పదవీ విరమణ చేసిన ఇంజినీరు. ఆయన అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారితో రెండు సార్లు కూర్చుని, రెండడుగుల లోతు నల్లమట్టి తీసేసి, గ్రావెల్, ఇసుక పొరలుగా పోసి రోలరుతో తొక్కించి, పైన ఎర్రమట్టి ఉపరితలం, చుట్టూ కాలువ ఉండేలా ఎస్టిమేట్ మార్పించారు. ఆరుబయట కోర్టుకు నీరు పోవడానికి మీటరుకు 5 మిల్లీమీటర్ల వాలు వాలీబాల్ నియమాలే అనుమతిస్తాయి, దాన్నే ఎస్టిమేట్‌లో రాయించారు. కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. చుట్టూ మూడేసి మీటర్లు వదిలితే ఒక్కోటి 24 x 15 మీటర్లు, అంటే సుమారు 430 గజాలు. రెండు కోర్టులు, ఒక కబడ్డీ స్థలం పోను అంచు వెంట నడకదారికి చోటు మిగిలింది. ఆ నడకదారిని ఎస్టిమేట్‌లో చేర్చాక అభ్యంతరం చెప్పిన పెద్దాయన ఉన్న వాకర్స్ సంఘం మద్దతు లేఖ ఇచ్చింది. మొత్తం రూ. 12.40 లక్షలు, అంటే మొదట అడిగినదానిలో మూడో వంతు కన్నా తక్కువ.

2025 ఏప్రిల్‌లో పని మొదలై వానలకు ముందే పునాది పొరలు పూర్తయ్యాయి. వాన మొదలయ్యాక నల్లరేగడిలో తవ్వకం సాగదు కాబట్టి ఆ గడువు కోసం అందరం వెంటపడ్డాం. ఆగస్టులో కురిసిన పెద్ద వాన తరువాత అదే సాయంత్రం ఆట జరిగింది.

నా పద్ధతిలో మార్చుకున్నవి

ఇప్పుడు క్రీడా క్లబ్బు ఏదైనా వస్తే ఎంత కావాలి అని అడిగేముందు స్థలం పత్రం చూపించమంటాను. స్థలం ప్రభుత్వానిదైతే క్లబ్బును నిర్మాణానికి దరఖాస్తుదారుగా ఊహించడం మానేశాను. ఒప్పందం ముసాయిదాను అర్జీతో పాటే తయారు చేయిస్తాను, ఎందుకంటే నిర్వహణ ఎవరిదన్న ప్రశ్నకు జవాబు కాగితం మీద ఉన్న ప్రతిపాదన త్వరగా కదులుతుందని ఈ కేసులో చూశాను. స్థలాన్ని వాడుకునే ఇతరులతో క్లబ్బు మాట్లాడిందా అన్నది అర్జీకి ముందే తేల్చుకుంటాను. లీజు అడగకముందే వాకర్స్ సంఘం పెద్దాయన దగ్గరికి వెళ్లి ఉంటే ఏడాది కలిసివచ్చేది. ముఖ్యమైన పత్రాల నకళ్లు రెండు ఇళ్లలో, ఒక ఫోనులో ఉండాలని పట్టుబడతాను, వాటిలో ఒక ఇల్లు మేడ మీద ఉండాలి.

ఒక్క విషయంలో నాకు ఇంకా సంతృప్తి లేదు. ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. ఎస్టిమేట్ మార్చే హడావిడిలో అది వెనకబడింది. తరువాత విడిగా ప్రతిపాదన పెట్టాం. ఆరున్నరకు శిక్షణ ముగిశాక పిల్లలు ఎదురింటివారి బాత్రూమ్‌కే వెళ్తున్నారు. ఆ ఫైలు కోసం మాజీ కార్యదర్శి నెలకోసారి కార్యాలయానికి వెళ్లి రసీదు నకలు నాకు ఫోనులో పంపుతున్నాడు.